తొంభై రెండు పొగలు

మొన్న జనాభా లెక్కల కోసం ఒక టీచరమ్మ రాయపూర్‌లో, మోవాలోని మా ఇంటికి వచ్చింది. గోడ మీద ఎర్రరంగుతో అంకె వేసి, ఇంట్లో ఎంతమంది అని హిందీలో అడిగింది. నలుగురం అన్నాను. రాసుకుని వెళ్లిపోతుంటే గేటు దగ్గర ఆపి, "ఇంటి వెనక ఎవరైనా ఉన్నారా అని అడగరేం?" అన్నాను. ఆమె ఆగి, "ఉన్నారా?" అంది. లేరన్నాను. "మరి?" అని వింతగా చూసింది. అడగాలి కదమ్మా అన్నాను. లోపల మా ఆవిడ నవ్వడం వినిపించింది. నాకు లెక్కల పిచ్చి అని ఆవిడ ఊరంతా చెబుతుంది. నిజమే. తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయినా, పాత లెక్కల పుస్తకం ఒకటి ముందేసుకుని భిన్నాలూ ఘనపరిమాణాలూ సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. మెట్లెక్కితే మెట్లు లెక్కపెడతాను. అయితే టీచరమ్మను అడిగిన ప్రశ్న నా సొంతం కాదు. అది మా రైల్వే కాలనీ పెద్దమ్మది.

పెద్దమ్మ నల్లనిది. మన ఇళ్లలో చామనఛాయ పిల్లను చూసి నలుపు అంటామే, అది కాదు. ఆమె పూర్వులను ఏనాడో ఆఫ్రికా నుంచి ఓడల మీద తెచ్చారు. తర్వాత వాళ్లు నిజాం గుర్రపు దళంలో చేరారు. హైదరాబాదులో వాళ్లను సిద్దీలంటారు. కాజీపేట రైల్వేలో ఖలాసీగా కూలిపని చేసే తెలుగాయన్ని ఇష్టపడి చేసుకుంటే రెండు వైపులా ఇళ్ల తలుపులు మూసుకున్నాయట. అందుకని బదిలీ అడిగి మరీ రాయపూర్ వచ్చారు. "యాభై ఆరుల మా హైదరాబాద్ రాజ్యం పేరు పోయింది, గా యేడే నేనూ ఈడ దిగిన" అనేది. పదేళ్లకు భర్త పోతే, స్టేషన్‌లో ఆడవాళ్ల వెయిటింగ్ రూములో ఆయా ఉద్యోగం ఇచ్చారు. ఆమె ఉంగరాల జుట్టు చూసి ప్రయాణికులు ఊరుకునేవారు కాదు. ఏ ఊరమ్మా అంటే హైదరాబాద్ అనేది. అంతకుముందు? "మా అమ్మ కడుపుల." ఇంకా అంతకుముందు? "గది నువ్వు మా నాయనను అడగాలె" అని చీపురు అందుకునేది.

కాలనీలో రెండో కుళాయి ఆమె తెచ్చిందే. ముప్పై మంది ఆడవాళ్లను ఖాళీ బిందెలతో తీసుకెళ్లి ఆఫీసరు వరండాలో కూర్చోబెట్టింది. వరంగల్ వాళ్లూ విజయనగరం వాళ్లూ ఒకరి మాట ఒకరు వెక్కిరించుకునే చోట, బతుకమ్మ ఎప్పుడూ ఎరగని మా అమ్మ చేత కూడా చప్పట్లు కొట్టించి తిప్పింది. పురుడైనా చావైనా మొదట గడప తొక్కేది ఆమే. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లలు మాత్రం తొలిసారి చూసి జడిసేవారు. ఆమెకది తెలుసు. అందుకే దూరం నుంచే ఏదో ఒకటి పాడుకుంటూ వచ్చేది.

పొద్దున్నే డ్యూటీకి పోతూ స్టేషన్ ఇనప వంతెన మీద ఆమె కాసేపు నిలబడేది. అక్కణ్ణుంచి కాలనీ అంతా కనిపిస్తుంది. అప్పుడు అందరివీ సిగిడీలే, బొగ్గు కుంపట్లు. ఇంటి ముందు పెట్టి ముట్టిస్తే ఒక్కో సిగిడీ నుంచి ఒక్కో పొగ తీగలా లేచేది. పెద్దమ్మ ఆ పొగలు లెక్కపెట్టేది. పొగ లేవని ఇంట్లో జ్వరమో, తగువో, బియ్యం నిండుకోవడమో అయి ఉంటుందని ఆమె లెక్క. డ్యూటీ దిగగానే ఆ ఇంటికి వెళ్లేది. ఇటుకల బట్టీలో లెక్క రాయడానికి నేనూ ఆ వంతెన మీదుగానే పోయేవాణ్ణి. ఆగి తనతో పాటు ఎంచేవాణ్ణి. తొంభై రెండు. ఎప్పుడైనా నాకు ఒకటి తక్కువ వస్తే, "కండ్లు కడుక్కొని రాపో" అనేది.

నాకు ఇరవై నాలుగో ఏట వర్షాకాలం, నాలాలోని మురుగునీళ్లు తాగునీటి గొట్టంలోకి దిగాయి. వారంలో కాలనీలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. పొగలు ఎనభై తొమ్మిదయ్యాయి. తర్వాత ఎనభై ఆరు. పెద్దమ్మ పెదాలు కదిలేవి గాని అంకె పైకి చెప్పేది కాదు. ప్రతి ఇంటికీ తిరుగుతోంది కాబట్టి రోగం ఆమె వెంటే వస్తోందని కొందరు తలుపులు వేసుకున్నారు. కుళాయిలు కట్టేసి, రోజూ ట్యాంకరు పంపుతాం, మనిషికో కడవ, జాబితా ఇవ్వండి అన్నారు పైవాళ్లు. లెక్కల్లో గట్టివాణ్ణని జాబితా నాకు అప్పజెప్పారు. క్వార్టర్ల నంబర్ల ప్రకారం రాశాను. అరవై నాలుగు ఇళ్లు, మూడు వందల ఇరవై ఏడు మంది. కొట్టివేత ఒక్కటీ లేదు.

ట్యాంకరు రావడం మొదలైన నాలుగో రోజు వంతెన మీద పెద్దమ్మ అడిగింది. "ఎన్ని ఇండ్లు రాసినవ్ బిడ్డా?"

"అరవై నాలుగు."

"పొగలెన్ని?"

"మామూలుగా అయితే తొంభై రెండు."

"మరి ఇరవై ఎనిమిది సిగిడీలు ఎవ్వరియి? దయ్యాలు వండుకుంటున్నయా?"

ఎవరివో నాకు తెలుసు. మా వాళ్లు క్వార్టరు వెనక రేకుల పాక వేసి, సొంత ఊళ్ల నుంచి పనికి వచ్చినవాళ్లను ఉంచుకునేవారు. బయటపడితే క్వార్టరు పోతుంది కాబట్టి ఏ కాగితం మీదా వాళ్లు ఉండరు. మా పాకలో అమ్మ ఊరి మొగుడూ పెళ్లాలు ఉండేవారు. అతను తిల్దా బియ్యపు మిల్లులో పని చేస్తూ శనివారం రైలుకు వచ్చేవాడు. ఆమెకు పంతొమ్మిదేళ్లు, ఎనిమిదో నెల. "అన్నియ్యా, ఇంకెన్ని రోజులుందో నెక్క సెప్పు" అని రోజూ అడిగేది. ముందురోజే నలభై ఒకటి అని చెప్పాను.

నిజానికి జాబితా రాసేటప్పుడు ఆమె పేరు నా కలం దాకా వచ్చింది. నాన్న పక్కనే కూర్చున్నాడు. "రిటైరుకి పద్నాలుగు నెల్లుందిరా. ఆ పిల్ల పేరు రాసీసి నన్ను రోడ్డు మీద కూకోబెడతావేటి?" అన్నాడు. నేను మనసులో భాగహారం చేశాను. మేం ఐదుగురం, ఐదు కడవలు. ఆమెతో ఆరుగురు. మనిషికి ఆరింట ఐదు వంతులు. చాలు. భాగహారంలో అందరూ సమానం. వంటింట్లో కాదని నా బుర్రకు తట్టలేదు. అమ్మ తన వాళ్లకు పోశాక మిగిలింది ఆ పిల్లకు ఇచ్చేది. అది రోజుకో చెంబు. మళ్లీ అడగడానికి మొహమాటపడి, ఆ పిల్ల పాక వెనక పాడుబడిన బావిలో చేద వేసుకునేది.

ఇదంతా పెద్దమ్మకు నేను చెప్పలేదు. చెప్పకుండానే ఆమెకు తెలిసింది. "ఇరవై ఎనిమిది ఇండ్లు ఒక్కపారి ఖాళీ చేపిస్తరా? ఎవ్వల్నీ పీకరు. లెక్క రాసేటోడివి, ముందు మీ ఇంటిది రాయి. నిన్ను జూసి తతిమ్మోళ్లు రాస్తరు. ఇయ్యాల్నే రాయి" అంది.

"రేపు రాస్తాను పెద్దమ్మా. నాన్నకు నచ్చజెప్పి" అన్నాను.

ఆమె మెట్లు దిగిపోయింది.

మర్నాడు పొద్దున వంతెన మీద నిలబడితే, రెండు పొగలు ఉండాల్సిన మా ఇంటి మీద ఒక్కటే ఉంది. పెద్దమ్మ అప్పటికే కిందికి పరుగెడుతోంది. యాభై ఏళ్ల మనిషి అలా పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. స్టేషన్‌లో సామాన్లు మోసే ఠేలా తెచ్చి, దాని మీద పరుపు వేసి, ఆ పిల్లను పడుకోబెట్టింది. ముందు ఆమె లాగింది, వెనక నేను తోశాను. ఆ పిల్ల కళ్లు లోపలికి పోయాయి, వేళ్ల చివరలు ముడతలు పడ్డాయి. ఆస్పత్రి మెట్ల దగ్గర "అన్నియ్యా, మావోడికి కబురెట్టు" అంది. మధ్యాహ్నం లోపే ఇద్దరూ పోయారు, ఆమె, కడుపులోది.

సాయంత్రం పెద్దమ్మ మా ఇంటికి వచ్చి, జాబితా నా ముందు పెట్టి, "రాయి" అంది. నాన్న గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. మా క్వార్టరు కింద ఆ పిల్ల పేరు, వయసు రాశాను. పెద్దమ్మ ఆ కాగితం పట్టుకుని వీధిలోకి వెళ్లింది. చీకటి పడేలోపు మిగతా ఇరవై ఏడు ఇళ్లవాళ్లూ వచ్చి రాయించుకున్నారు. ఆఫీసరు అందరినీ తిట్టి, రెండో ట్యాంకరు పంపించాడు. ఒక్క క్వార్టరూ పోలేదు. నాన్న పద్నాలుగు నెలల తర్వాత పూలదండ వేయించుకుని రిటైరయ్యాడు.

పెద్దమ్మ ఆ తర్వాత పదమూడేళ్లు బతికింది. ఎన్నో జాబితాలు నా చేతే రాయించింది. ఆ రోజు సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఏదో ఒకటి జవాబు చెప్పుకునేవాణ్ణి. పెద్దమ్మ రాయమన్నాక నేను చేసిన ఆలస్యం సరిగ్గా ఒక్క రోజు. ఇరవై రెండేళ్లుగా ఆ రోజును కొలుస్తున్నాను, ఇంకా చివర దొరకలేదు.