రెండు ప్లాట్ల దూరంలో టర్కీ పుంజు

అమెరికాలో మేముండే కమ్మింగ్‌లో ఎవరింటికి భోజనానికి వెళ్లినా, అరవై గజాల దూరం నుంచి ఒక్క తూటాతో టర్కీ పుంజును పడగొట్టానని చెబుతాను. వినేవాళ్లు నోరు తెరిస్తే అరవైని డెబ్బై చేస్తాను. దూరం మాట దాదాపు నిజమే. పడగొట్టడం దగ్గరే ఉంది గొడవంతా.

తుపాకీ కొన్నది నేనూ మా బావమరిదీ కలిసి. నా ప్రాణం తోడేసింది మాత్రం వాడొక్కడే. నెల రోజులు వాడికి తూటా తప్ప వేరే మాట లేదు. నేను కొన్న తూటాలో సజ్జగింజంత సీసపు గుళ్లుంటాయి. వాడు తెచ్చినదాంట్లో ఆవగింజంత టంగ్‌స్టన్ గుళ్లు. చిన్నవైనా బరువెక్కువ గనక దూరం వెళ్లినా జోరు తగ్గదని ఇడ్లీ తింటున్నా చెప్పేవాడు, నేను పళ్లు తోముకుంటుంటే ఫోన్ చేసి మరీ చెప్పేవాడు. చివరికి అట్టమీద పుంజు తల గీసి ఇద్దరం కాల్చి చూశాం. నలభై గజాల్లో నా సీసం తలా మెడా నిండా దిగింది. యాభైకి వెళ్లేసరికి గుళ్లు చెదిరి, తలలో పడ్డవి రెండో మూడో. "చూశావా బావా" అన్నాడు. చూశాను. ఒప్పుకోలేదు.

తన పొలంలో వేటకు చోటిచ్చింది ఒక పెద్దావిడ. స్కూలు బస్సు నడిపి రిటైరైన అమెరికన్. రెండేళ్లు ఎన్ని గేట్లు తట్టినా రమ్మన్నది ఆవిడ ఒక్కతే. షరతు కూడా ఒకటే పెట్టింది. నలభై గజాలు దాటితే ఏ తూటా ఉన్నా కాల్చకూడదు. గాయపడ్డ పక్షిని వదిలేసిపోయినవాడు మళ్లీ ఆ గేటు దగ్గర కనిపించకూడదు.

గజాల సంగతి నాకు చెప్పాలా అన్నాను. హైదరాబాద్‌లో వందల ప్లాట్లు అమ్మించిన కళ్లు ఇవి అన్నాను. అమ్మించింది మూడు. అందులో ఒకటి నాకే అంటగట్టుకున్నాను. కానీ కొలత తెలుసు. రెండు వందల గజాల ప్లాటు పది గజాల వెడల్పు, ఇరవై పొడవు. రెండు ప్లాట్లు పొడుగ్గా వేస్తే నలభై. ఇంతకంటే ఏం కావాలి?

ఏప్రిల్లో ఒక పొద్దున పచ్చిక బయలు అంచున చెట్టుకు ఆనుకుని కూర్చున్నాం. బావమరిది పుంజును పిలిచే చెక్కపెట్టె గీకి పెట్టకూత కూశాడు. పుంజు వచ్చింది, బయలు మధ్యలో తోక విప్పి నిలబడింది. ముప్పావుగంట అక్కడే గిరికీలు కొట్టింది తప్ప ముందుకు ఒక్క అడుగు వేయలేదు. నా మోకాళ్లు మొద్దుబారాయి.

"బావా, అది అరవై ఉంటుంది. ఆగు."

"రెండు ప్లాట్లు కూడా లేదురా."

"పోనీ నా తూటా అయినా వెయ్యి."

ఆ మాటకే మండి నా సీసంతోనే కాల్చాను. పుంజు దొర్లింది, లేచింది, ఒక రెక్క ఈడ్చుకుంటూ ముళ్లపొదల్లోకి పరుగెత్తింది.

చప్పుడు విని పెద్దావిడ బండేసుకుని వచ్చింది. ఎంత దూరమని అడిగింది. ముప్పై ఎనిమిది అన్నాను. ఆవిడ నేలమీది ఖాళీ తూటా చూసింది, దూరంగా రాలిన ఈకలు చూసింది. "నడవండి, అంగకో గజం లెక్కపెడతాను" అంది.

జన్మలో వేయనంత పొడుగు అంగలు వేశాను. అయినా నలభై దగ్గరికి వచ్చేసరికి ఈకలు ఇంకా ఎక్కడో ఉన్నాయి. అక్కడ నిలబడితే గుర్తొచ్చింది. ఖాళీ స్థలం ఎప్పుడూ చిన్నగానే కనిపిస్తుంది. ప్లాటు చూడ్డానికి వచ్చి "ఇంతేనా" అని మూతి విరిచిన ప్రతివాడికీ నేనే చెప్పిన ముక్క అది. గోడలు లేస్తే తెలుస్తుందండీ అని.

యాభై మూడో అంగకు ఈకల దగ్గర ఆగాను. "అరవై దాటుతుందమ్మా. అంగలు సాగదీశాను" అన్నాను.

వెనక నుంచి బావమరిది, తన టంగ్‌స్టన్ వేసుంటే అక్కడే పడి ఉండేదని ఆవిడకు వివరించబోయాడు. "అది వేసుంటే ఈయన వంద గజాల నుంచి కొట్టేవాడు" అంది ఆవిడ. "ముందు పక్షిని వెతకండి. గేటు సంగతి తర్వాత."

మూడు గంటలు వెతికాం. చొక్కా చిరిగింది, చేతులు గీసుకుపోయాయి. మధ్యలో రెండుసార్లు, చచ్చే ఉంటుంది, ఇంటికి పోదామని నోటిదాకా వచ్చి ఆగింది. చివరికి పడిపోయిన పైన్ మొద్దు కింద కనబడింది, ముడుచుకుని. ప్రాణంతోనే ఉంది. కన్ను నామీదే పెట్టింది.

అప్పటిదాకా తన దగ్గరే పెట్టుకున్న మా తుపాకీని ఆవిడ నా చేతికిచ్చింది. "ఇప్పుడు దూరమెంత?"

"మూడు గజాలు."

"కానివ్వండి."

పని అయింది. పుంజును నేనే మోసుకొచ్చాను. ఇంత బరువుంటుందని అనుకోలేదు. గేటు దగ్గర ఆవిడ తీర్పు చెప్పింది. వదిలిపోలేదు గనక వచ్చే ఏడూ రావచ్చు. కాకపోతే దూరం మా బావమరిది చెప్పాలి, వాడు సరేనంటేనే నేను కాల్చాలి.

దీనికంటే గేటు మూసేసినా బాగుండేది. వాడు దూరం కొలిచే యంత్రం ఒకటి కొని మెళ్లో వేసుకు తిరుగుతున్నాడు. ఆ యంత్రంతోనే ఆ చెట్టు నుంచి ఈకలు రాలిన చోటిదాకా కొలిచొచ్చాడు కూడా. భోజనాల దగ్గర నేను అరవై అనగానే పక్కనుంచి "అరవై మూడు, బావా" అని సరిచేస్తాడు. వినేవాళ్లు ఇంకాస్త మెచ్చుకుంటారు. ఆ మూడు గజాలు మాత్రం, పైన్ మొద్దు గుర్తొచ్చి, నాకు వద్దనిపిస్తుంది.