ఈశాన్యంలో చేపలు

దక్షిణామూర్తిగారు యాభై ఏళ్ళుగా ఫ్లోరిడాలో చేపల్ని లెక్కపెడుతున్నారు. ఒక్కదాన్నీ రుచి చూడలేదు, పుట్టుకతో శాకాహారి. యూనివర్సిటీ ఆయన్ని రిటైర్ చేసి పదహారేళ్ళయింది గానీ, మడచెట్ల మధ్య ఉప్పునీరూ మంచినీరూ కలిసే ఆ కాలవ మాత్రం ఆయన్ని వదల్లేదు. నెలకో శనివారం, ఆటు సమయం చూసుకుని, మోకాలి లోతు బురదలోకి దిగి వల లాగుతారు. వల రెండో కొస గట్టు మీద భార్య నళినిగారి చేతిలో ఉంటుంది. "ఈ వయసులో ఈ బురద సంసారమేమిటండీ" అని సణుగుతూనే ముప్ఫయ్యేళ్ళుగా ఆవిడ దాన్ని పట్టుకున్నారు.

ఊళ్ళోని తెలుగువాళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. వాళ్ళకి ఆయన పూజలు చేయించే అంకుల్. గుడి గంటన్నర దూరం, అక్కడి పూజారిగారి వీకెండ్లన్నీ ఎప్పుడూ బుక్కయి ఉంటాయి. చిన్నప్పుడు కాకినాడలో తండ్రి వల్లె వేయించిన మంత్రాలు ఈయనకింకా నోటికి వస్తాయి. ఎవరి మొహమాటానికో ఒకసారి సత్యనారాయణ వ్రతం చేయించారు. అంతే, దొరికిపోయారు. చేపల మీద ఆయన రాసిన నలభై పేపర్లలో ఒక్కటైనా చదివినవాడు ఊళ్ళో లేడు, ఆయన గృహప్రవేశం చేయించని తెలుగిల్లూ లేదు. ఇది తల్చుకున్నప్పుడల్లా ఆయనకి ఒళ్ళు మండేది.

మొన్న మార్చిలో లక్ష్మీప్రియ, రఘువీర్ అనే జంట ఉత్తరాదిన షామ్‌బర్గ్ ఊరి చలి పడలేక ఇక్కడికొచ్చి, సరిగ్గా ఆ కాలవ గట్టునే ఇల్లు కొన్నారు. గృహప్రవేశం మామూలే, ఈయన చేతుల మీదుగానే. పాలు పొంగాయి, హారతి అయింది. అందరూ భోజనాలకి లేవబోతుంటే లక్ష్మీప్రియ పెరటివైపు అద్దాల తలుపు జరిపి చూపించింది.

"ఆ చెట్లన్నీ మండే తీయించేస్తున్నాం అంకుల్. హైదరాబాద్ నుంచి వాస్తు ఆయన వీడియో కాల్‌లో చూశారు. ఈశాన్యం మొత్తం బ్లాక్ అయిపోయిందట. అక్కడ నీళ్ళు కనబడాలట."

దక్షిణామూర్తిగారు గబగబా తలుపు దగ్గరికి వచ్చారు. ఆ కాలవలో మడచెట్ల నీడ మిగిలింది ఆ పెరటి వెనక వందడుగుల్లోనే. మిగతా గట్టంతా ఎప్పుడో సిమెంటు గోడలైపోయింది.

"పర్మిట్ లేకుండా మడచెట్లు నరికితే ఫైన్ వేస్తారమ్మా."

"కాంట్రాక్టర్ హ్యాండిల్ చేస్తానన్నాడు అంకుల్," అన్నాడు రఘువీర్.

ఆయన ఓపిక తెచ్చుకుని చెప్పడం మొదలుపెట్టారు. స్నూక్ అనే చేప ఉంటుంది, మన గోదావరి పండుగప్పకి దూరపు చుట్టం. నీళ్ళు సముద్రంలో కలిసే మొగలో గుడ్లు పెడుతుంది. వేలెడైనా లేని పిల్లలు పోటుతో పాటు లోపలికొచ్చి ఈ వేళ్ళ సందుల్లో దాక్కుని పెరుగుతాయి. చెట్లు పోతే వాటికి దాక్కునే చోటుండదు, కాలవలో స్నూక్ పిల్ల అన్నది మిగలదు.

"వావ్ అంకుల్, సో ఇంట్రెస్టింగ్!" అంది లక్ష్మీప్రియ. "కానీ ఈశాన్యం కదా."

"టేస్ట్ కూడా పండుగప్పలాగే ఉంటుందా అంకుల్?" అన్నాడు రఘువీర్ ఆశగా.

ఆయన చేతిలో ఇంకా హారతి పళ్ళెం ఉంది. మెళ్ళో కండువా ఉంది. ఇక సైన్సుతో పని జరగదని ఆయనకి అర్థమైంది. గొంతు తగ్గించారు.

"అమ్మా, ఈశాన్యంలో మత్స్యస్థానం ఉన్న ఇల్లు నేనింతవరకూ చూడలేదు. చేపలు వాటంతట అవే వచ్చి నిలిచాయంటే మత్స్యావతారమే మీ పెరట్లో ఉన్నట్టు. ఆ నీడ తీసేస్తే స్వామి వెళ్ళిపోతాడు. ఆపైన మీ ఇష్టం."

పక్కన నళినిగారికి పొలమారింది. సోమవారం కాంట్రాక్టర్ రాలేదు.

ఆయనకి సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ సంతోషమేసింది. "యాభై ఏళ్ళ చదువుతో కానిది అర నిమిషం అబద్ధంతో అయిపోయింది," అన్నారు భార్యతో.

"అబద్ధం అందంగానే చెప్పారు. కానీ వాళ్ళు సాఫ్ట్‌వేర్ వాళ్ళండీ, ఏదిచ్చినా అప్‌గ్రేడ్ చేసేదాకా ఊరుకోరు," అన్నారావిడ.

సెప్టెంబరులో తుఫాను హెచ్చరికల వల్ల వల వెయ్యలేదు. అక్టోబరులో వేస్తే వల బరువుగా వచ్చింది. ఆయన మొహం వెలిగిపోయింది. పైకి లాగి చూస్తే లోపలన్నీ అరచేయంత బూడిదరంగు తిలాపియాలు, ఈ నీళ్ళకి పరాయి చేపలు. ఒకటి నోరు తెరిచింది. నోట్లో దాచుకున్న ఆవగింజలంత పిల్లలు బయటపడ్డాయి. స్నూక్ పిల్లలు వల మొత్తం మీద రెండే ఉన్నాయి. తలెత్తి చూస్తే మడచెట్ల వేళ్ళకి పసుపుతాళ్ళు, కుంకుమబొట్లు.

లక్ష్మీప్రియ పెరట్లోంచి పరుగున వచ్చింది.

"సర్‌ప్రైజ్ అంకుల్! మత్స్యస్థానానికి ఆ నాలుగు చిన్న చేపలేం సరిపోతాయనిపించింది. శ్రావణ శుక్రవారం ఏషియన్ మార్కెట్ ట్యాంక్‌లోంచి లైవ్‌గా నూటపదహారు తెచ్చి వదిలాం. వెంటనే రఘుకి ప్రమోషన్ వచ్చింది! వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాను. కాలవ మీద ఇల్లున్న అందరూ వదులుతామంటున్నారు."

దక్షిణామూర్తిగారు ఆ బురదలోనే కూర్చుండిపోయారు. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"మత్స్యస్థానం లేదూ ఏమీ లేదు తల్లీ. నేను కల్పించాను. చెట్లు కొట్టకుండా ఉంటారని అబద్ధం చెప్పాను. ఇవి ఇక్కడి చేపలు కావు. ఇక్కడి స్నూక్ పిల్లలకి తిండీ చోటూ లేకుండా చేస్తాయి. దయచేసి ఆ గ్రూప్‌లో వద్దని చెప్పు."

లక్ష్మీప్రియ ఆయన వంక జాలిగా చూసింది. నళినిగారి వైపు తిరిగి, "అంకుల్‌కి ఎండ తగిలినట్టుంది ఆంటీ, లోపలికి తీసుకురండి, మజ్జిగ ఇస్తాను," అంది. తర్వాత వంగి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఎంతో ఓదార్పుగా అంది.

"టెన్షన్ పడకండి అంకుల్. పూజ సంగతి మీరు చెప్పారు, చాలు. చేపల సంగతి, ఎవరైనా తెలిసినవాళ్ళని కనుక్కుందాం."