ఏలీయా అరగదీసిన మీటలు

నంద్యాల విత్తనాల కంపెనీలో పనిచేసే ఏలీయాకు ఒకటే పిచ్చి. కంప్యూటర్ ముందు కూర్చుని 'హూ' అనే మూడక్షరాల ఇంగ్లీషు ముక్క కొట్టడం, తెర చూడడం, మళ్ళీ కొట్టడం. అది కొడితే ఆ యంత్రం మీద ఎవరెవరు పనిచేస్తున్నారో, ఎవరు ఎన్ని నిమిషాలుగా చేతులు ముడుచుకున్నారో తెర మీద పడుతుంది. పూటకోసారి చూస్తే ఎక్కువ. ఏలీయా నిమిషానికోసారి చూసేవాడు.

1989 నాటి మాట. ఆఫీసులో ఆ యంత్రం గది దేవుడి గదితో సమానం. మేనేజరు సుందరరాజు 'చెప్పులు బయట విడువవలెను' అని బోర్డు రాయించి, కింద సంతకం కూడా పెట్టాడు. గది ఊడ్చే జానకమ్మ శుక్రవారం శుక్రవారం మీటలకు బొట్టు పెట్టేది. ఆ కుంకుమ అంటిన వేలితోనే ఏలీయా సాయంత్రం చర్చిలో ప్రార్థనకు పోతే, పాస్టరు అనుమానంగా చూసేవాడట.

"ఏం చూస్తాండావప్పా?" అని సుందరరాజు గద్దించేవాడు.

"ఏమన్నా మారుతాదేమోనని సార్."

"నిమిషంలో ఏం మారుతాది?"

"ఇంకో నిమిషం అయితాది గద సార్."

ఒకసారి కర్నూలు నుంచి మెకానిక్కు వచ్చి, ఆరు మీటల మీద అక్షరాలు చెరిగిపోయాయని చెప్పిపోయాడు. మూడక్షరాల ముక్కకు ఆరు మీటలు ఎందుకు అరిగాయో సుందరరాజుకు తట్టలేదు.

ఒకనాడు ఏలీయా చుట్టాల పెళ్ళికి కోయిలకుంట్ల పోయాడు. పదకొండు దాటాక అక్కడి పోస్టాఫీసు నుంచి సుందరరాజుకు ట్రంకాల్.

"సార్, హూ కొట్టి ఆళ్లగడ్డ ఎంతుందో చూడండి!"

"పెండ్లిలో గూడా అదేనా నీకు?"

"తొందరగా సార్! సుగుణమ్మ నౌకరీ పోతాది."

సుగుణమ్మ ఆళ్లగడ్డ బ్రాంచిలో గుమాస్తా. టెలిఫోన్ తీగ మీదుగా ఈ యంత్రంలోనే పనిచేసేది. ఇరవై నిమిషాలు మీట నొక్కకపోతే యంత్రమే లైను తెంచి, 'సీటులో లేరు' అని చీటీ అచ్చుకొట్టేది. మూడు చీటీలైతే ఉద్యోగం ఊడినట్టే. ఆమెకు అప్పటికే రెండు పడ్డాయి. రెంటి మీదా సంతకం సుందరరాజుదే.

"ఆమె యాడికి పోయింది?"

"నాలుగు నెలల పాప సార్. ఇల్లు పక్క సందులోనే. పాలియ్యను పోతాది. నిద్రపోతేగాని ఆ పాప కొంగు వదలదు."

సుందరరాజు ఫోను బల్ల మీద పెట్టి, బూట్లతోనే యంత్రం గదిలోకి ఉరికాడు. మీటలు తడుముకుంటూ హూ కొట్టాడు. ఆళ్లగడ్డ పద్దెనిమిది. మళ్ళీ ఫోను దగ్గరికి ఉరికాడు.

"పద్దెనిమిదప్పా! ఏం జేయాల?"

"'టచ్' అని కొట్టి ఆమె లైను నెంబరేయండి సార్. సున్నాకొస్తాది."

"మీటల మీద అక్షరాలు యాడున్నాయప్పా?"

"నున్నగుండేవే కొట్టండి సార్!"

మూడు మీటలు హూకు, తక్కిన మూడు టచ్‌కు అరిగాయని అప్పుడు అర్థమైంది ఆయనకు. మళ్ళీ గదిలోకి ఉరికి చూస్తే తెర మీద పందొమ్మిది పడింది. సుందరరాజు ఒకప్పుడు టైపిస్టు. కళ్ళు మూసుకుంటే వేళ్ళకు దారి గుర్తొచ్చింది. కొట్టి చూశాడు. సున్నా. నమ్మకం చాలక మళ్ళీ చూశాడు. సున్నాయే. ఆ రెండు చీటీల మీద పెట్టిన సంతకాలు తలుచుకుంటే ఆయనకు సిగ్గేసింది.

మరునాడు పదకొండింటికి ఏలీయా కోయిలకుంట్ల బస్సు దిగి ఆఫీసుకొచ్చాడు. యంత్రం గది బయట మేనేజరు బూట్లు. లోపల తన కుర్చీలో మేనేజరు.

"ఏం చూస్తాండారు సార్?"

సుందరరాజు తెర మీంచి చూపు తిప్పలేదు.

"పాప ఆకలి యాళ గదప్పా. ఏమన్నా మారుతాదేమోనని."