నూనె తాగిన పేపరు

హన్మాండ్లు చేతికి లడ్డూల పొట్లం ఇస్తే లడ్డూలు అందరికీ పంచేసి, చుట్టిన కాగితం తను దాచుకునేవాడు. తెలుగు అక్షరం ఉన్న కాగితం ముక్క దేన్నీ చెత్తబుట్టలో పడనిచ్చేవాడు కాదు.

1982లో గల్ఫ్‌లోని ఫుజైరా రాళ్ల క్వారీలో మేం గదికి పన్నెండు మందిమి. ఎవరైనా సెలవు నుంచి తిరిగొస్తే వ్యాను దిగకముందే హన్మాండ్లు ఎదురెళ్లేవాడు.

“భీమన్నా, సకినాలు దేంట్ల చుట్టుకొచ్చినవ్?”

“పాలిథిన్ కవర్ల, ఉస్తాద్. మెత్తవడొద్దని.”

“రెండు నెలలు ఇంటికాడ ఉండి ఏం జేసినవ్ మరి!”

ఆ రోజంతా భీమయ్యతో మాట్లాడలేదు. సకినాలు మాత్రం తిన్నాడు.

ఆ కాగితాలే మా పాఠ్యపుస్తకాలు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం అన్నాలయ్యాక గదిలో తరగతి. వారానికొకడు ఒక ముక్క చదివి చర్చ నడపాలి, ఉస్తాద్ నోరెత్తడు. ప్లైవుడ్ గోడ మీద బొగ్గుతో మూడు ప్రశ్నలు రాసిపెట్టాడు: ఎవరు చెప్తున్నారు? ఎవరి గురించి? ఎవరిని వదిలేశారు? ఒకసారి హత్యకేసు వార్త సగానికి చిరిగి వచ్చింది. మూడు వారాలు వాదించుకుని, నాలుగో వారం చేతులెత్తించి, చచ్చినవాడి బామ్మర్దికి మేమే యావజ్జీవం వేశాం.

అలాంటి గదిలోకి పోచన్న వచ్చాడు. వచ్చిన రోజే ఏడో తరగతి దాకా చదివానని చెప్పుకున్నాడు. అసలు ఒక్క అక్షరం రాదు. భార్య సాయవ్వ రాయించిన ఉత్తరాలు నీళ్ల ట్యాంకు వెనక నాచేత చదివించుకుని, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. బయటపడితే ఈ పదిమందీ జన్మంతా ఏడిపిస్తారని అతని భయం.

అతని శుక్రవారం రానే వచ్చింది.

“ఉస్తాద్, జరమొచ్చింది.”

“పండుకొనే చెప్పు. యల్లా, షురూ చెయ్!”

హన్మాండ్లు కాగితం తీసి ఇచ్చాడు. నూనె తాగి, అటువైపు అక్షరాలూ ఇటువైపువీ కలిసిపోయాయి. మధ్యలో ఫోటో ఒక్కటే కనిపిస్తోంది. తట్టలు మోస్తున్న ఆడవాళ్లు.

“దీంట్ల ఏం సదువుతడు, ఉస్తాద్?” అన్నాడు భీమయ్య.

“బొమ్మున్నది గద.”

పోచన్న కాగితం ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. జ్వరం సంగతి మర్చిపోయాడు.

“కాలువ తవ్వుతుండ్రు.”

“కాదు, రోడ్డు పని,” అన్నాడు భీమయ్య.

“నిండు తట్టలోళ్లు పైకెక్కుతుండ్రు, ఖాలీ తట్టలోళ్లు కిందికి దిగుతుండ్రు. రోడ్డు పనికి గుంతలకు దిగుతరా? నువ్వెన్నడన్న తట్ట మోసినవా?”

వారం వారం వినీ వినీ ప్రశ్నలు కంఠతా వచ్చేశాయి; పోచన్న గోడకేసి చూపించాడు.

“ఎవర్ని ఇడిసిపెట్టిండ్రంటే, గీమె బిడ్డను. అందరు ముందుకు సూస్తుంటె గీమె ఎన్కకు సూస్తుంది. ఆడ చెట్టుకు చీర తొట్టెల కట్టి ఉంటది. ఫోటోగాడు అటు దిక్కు తిరగలే.”

గంటన్నర నడిచింది. తలా ఒక కాలువ కథ చెప్పారు.

నాకు మాత్రం అనుమానం. ఆ కాగితం నిన్న చూశాను, శుభ్రంగా ఉంది. వంటగదికి వెళితే నా మామిడి తొక్కు సీసాలో నూనె చుక్క లేదు.

హన్మాండ్లును ట్యాంకు దగ్గర పట్టుకున్నాను. “తెలుగు అక్షరం మీద నువ్వే నూనె పోస్తివా? వాడి సంగతి నీకెవరు చెప్పిండ్రు?”

“వాడికి ఉత్తరం వచ్చినప్పుడల్లా నువ్వు మాయమైతవ్. ఎవరన్న చెప్పాల్నా?”

ఇంతలో కాగితం పట్టుకుని పోచన్న వచ్చాడు. హన్మాండ్లు జేబులోంచి ఒక కాగితం ముక్క తీసి అతని చేతిలో పెట్టాడు. ముందే చించి దాచిన ఆ వార్త శీర్షిక. మూడే అక్షరాలు, బొటనవేలంత.

“రోజుకొక్కటి. వీడే చెప్తడు,” అని నన్ను చూపించాడు. “ఉత్తరాలు సదివే బాధ తప్పుతది వీడికి.”

పోచన్న అటూ ఇటూ చూసి, మొదటి దాని మీద వేలు పెట్టాడు.

“కా,” అన్నాను.

“కాలువనా?”

“కాలువే.”

“గది నేను ఇందాకటిసంది చెప్తలేనా!” అని కేకేస్తూ పోచన్న భీమయ్యను వెతుక్కుంటూ పరుగెత్తాడు.