బండి నోటికి పసుపు

మా ఆయన మిలిటరీ వేలంలో కొన్న పాత పెట్రోలు లారీతో నాదర్‌గుల్ అవతలి గుట్ట మీద రాళ్లు కొట్టేవాళ్ల గుడిసెలకు నీళ్లు తోలేవాడు. ఆ దారిలో ఇంకే బండీ ఎక్కదు. ఒకరోజు నిండు నీళ్ల ట్యాంకుతో ఎక్కుతుంటే నడి ఎత్తులో ఇంజన్ ఆగింది. బండి వెనక్కి జారి, ఒక బండరాయికి తగిలి నిలిచింది. ఆ సంగతి నవ్వుతూనే చెప్పాడు గాని, కలిపిన అన్నం అలాగే వదిలేసి లేచాడు.

ఆ వారమే దిల్‌సుఖ్‌నగర్‌లో ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ మెకానిక్ దగ్గరికి ఇద్దరం వెళ్లాం.

"కార్బురేటర్‌లో చిన్న గిన్నె ఉంటుంది వదినగారూ. బండి వాలితే అందులో పెట్రోలూ వాలుతుంది, ఇంజన్‌కి అందదు. పెట్రోలును పంపుతో నేరుగా ఇంజన్‌లోకి చిమ్మే ఇంజెక్షన్ కిట్ పెట్టించండి, ఎంత ఎత్తైనా ఆగదు."

"అది ఖరాబైతే ఎవడు చేస్తడు? రేపు తెలంగాణ బంద్, ఎల్లుండి రాస్తారోకో. నీ షాపు తెరుస్తవా?" అన్నాడు మా ఆయన.

"మూయించేది మీరు, అడిగేది నన్నా అన్నా!"

ముగ్గురం నవ్వాం. నాన్న ఇంట్లో నేర్పిన ఇంగ్లీషుతో కిట్ పుస్తకం నేనే చదివాను. పెట్రోలులో నలకైనా ఉండకూడదని పేజీ పేజీకీ రాసి ఉంది. అయినా కిట్ పెట్టిద్దామని నేనే పట్టుబట్టాను. సోమవారం బిగించడానికి ఒప్పుకున్నాం.

శుక్రవారం బంద్. ఎల్బీనగర్ చౌరస్తాలో టైర్లు కాలుతున్నాయి. గుట్ట మీద డ్రమ్ములు ఖాళీ అని కబురొచ్చింది. ఆయన బయలుదేరబోతుంటే బండికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, నేనూ ఎక్కి కూర్చున్నాను. ఇంట్లో ఉండి ఎదురుచూడడం నావల్ల కాలేదు.

సగం ఎత్తుకు చేరగానే ఇంజన్ దగ్గి, ఆగిపోయింది. ఆయన రెండు కాళ్లతో బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు.

"దిగు! చక్రం ఎన్కకు రాయి పెట్టు! జల్ది!"

దూకి, దారి పక్కన దొరికిన రాయిని వంగి చక్రం వెనక్కి తోశాను. బండి ఒక్క జానెడు జరిగి, రాయిని నొక్కి నిలిచింది.

ఆయన బానెట్ తెరిచాడు. పెట్రోలు వడపోసే గాజు గిన్నె అడుగున పచ్చగా మడ్డి.

"గిదేంది? పసుపా?"

"పొద్దున నేనే రాసిన. పెట్రోలు పోసే మూతి లోపట గూడ... బండికి నోరు గదా అని."

"బొట్టు నుదుటికి పెడ్తరే, నోట్లె పెడ్తరా!"

తిడతాడనుకున్నాను. గిన్నె కడిగి, కార్బురేటర్‌లోంచి సన్నటి బెజ్జమున్న ఇత్తడి జెట్టు ఊడదీసి నోటితో ఊదాడు. గాలి పోలేదు. చీర పిన్నీసు తీసి ఇచ్చాను.

"వొద్దు, తూటు పెద్దగైతది. గడ్డిపోస ఇయ్యి."

ఎండు గడ్డిపోచ ఒకటి ఏరి ఇచ్చాను. దాన్ని దూర్చి తిప్పి, మళ్లీ ఊదాడు. గాలి సన్నగా ఈల వేసింది. నేను రాయి దగ్గరే నిలబడ్డాను. ఇంజన్ అందుకుంది. బండి కదలగానే ఆ రాయి చంకనెత్తుకుని వెనకే గుట్ట ఎక్కాను. పైకి చేరాక ఆడవాళ్లు బిందెలతో పరిగెత్తి వచ్చారు.

ఆ గుట్ట మీద బండికి ఇంజెక్షన్ కిట్ ఉండి, పసుపు అందులో ఇరుక్కుని ఉంటే, మాకు గడ్డిపోచ ఏం పనికొచ్చేది?

సోమవారం మెకానిక్‌కు కిట్ వద్దన్నాను. "మొన్న మీరే కదా వదినగారూ..." అంటే జరిగిందంతా చెప్పాను. అతను పడీపడీ నవ్వాడు.

"అయితే కార్బురేటర్నే తిప్పి బిగిస్తాను. గిన్నె ముందువైపు ఉంటే ఎత్తెక్కేటప్పుడు పెట్రోలు జెట్టు వైపే వాలుతుంది. కానీ ఒట్టు వెయ్యండి, పెట్రోలు మూత దగ్గరికి పసుపు రాకూడదు."

మర్నాడు ఆయన నన్ను గుట్ట కిందే దింపాడు. ఆ రాయి చేత పట్టుకుని, కళ్లు మూసుకుని ఇంజన్ చప్పుడే విన్నాను. నడి ఎత్తు దగ్గర గొంతు మారింది, కానీ ఆగలేదు. పైనుంచి బిందెల చప్పుడు, ఆడవాళ్ల కేకలు వినిపించాక, దేవుడికి దండం పెట్టి, రాయి కింద పెట్టాను.