చక్రాలు తీయించిన ఇల్లు

మావ ఉదయం పోయాడు. నాకు సాయంత్రం తెలిసింది. ఆ రోజు మా పేటలో ఫోన్లు పనిచేయలేదు. ఆసుపత్రి నర్సు ఎన్నిసార్లు ప్రయత్నించిందో ఏమో, చివరికి డ్యూటీ దిగి ఇంటికి వెళ్తూ దారిలో మా మెట్లెక్కి తలుపు తట్టింది. "అఫో పోయారు," అంది. అఫో అంటే బర్మా భాషలో తాత. ఆసుపత్రి నుంచి రంగూన్‌లో మింగళ తౌంగ్‌న్యున్ పేటలోని మా ఇంటికి నడిస్తే ముప్పావుగంట. ఆ మాత్రం దూరం రావడానికి ఒక చావు కబురుకి పగలంతా పట్టింది.

నాకు ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మనసు నెమ్మదిగా ఉండాలంటారు. పాఠకులు మన్నించాలి. నాది ఇంకా నెమ్మదించలేదు.

ఆయన మా మేనత్త భర్త. మా అందరి పూర్వీకుల్లాగే ఆయన తాత కూడా శ్రీకాకుళం తీరం నుంచి రంగూన్ రేవులో బస్తాలు మోయడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మావ మాత్రం రేవు పనికి వెళ్ళలేదు, వడ్రంగి అయ్యాడు. బోటాటౌంగ్‌లో నది ఒడ్డున ఒక వర్క్‌షాపులో బస్సులు కట్టేవాడు. అవి దేశం తలుపులన్నీ మూసుకుని కూర్చున్న రోజులు. బయటి నుంచి కొత్త బస్సు వచ్చే మాటే లేదు. యుద్ధకాలం నాటి లారీల చట్రాలు తెచ్చి, వాటి మీద టేకు పలకలతో కప్పు, గోడలు, బల్లలు కట్టి రోడ్డు మీదికి వదిలేవాళ్ళు. నా చిన్నప్పుడు ఊళ్ళో తిరిగిన బస్సుల్లో చాలా వాటి మీద మావ చెయ్యి పడే ఉంటుంది. ఆయనతో బస్సెక్కితే మాకు సిగ్గుగా ఉండేది. ఎక్కగానే కిటికీ చట్రాన్ని వేలితో కొట్టి చూసేవాడు. తన పనైతే హాయిగా కూర్చునేవాడు. కాకపోతే దిగేదాకా కండక్టర్ని తిట్టేవాడు.

వంకరపోయిన మేకుల్ని పారేయనిచ్చేవాడు కాదు. మాట్లాడుతున్నంతసేపూ ఒడిలో రాయి పెట్టుకుని వాటిని సాపు చేస్తూనే ఉండేవాడు. "మేకు కొట్టడానికి ఒక్క దెబ్బే. పీకడానికి పది దెబ్బలు. కొట్టీముందు ఆలోసించాలే గుంటా," అనేవాడు. అలాంటి మనిషి, తండ్రి కట్టిన రెండంతస్తుల చెక్క ఇల్లు అమ్మేసి చక్రాల మీద కాపురం పెడతానన్నాడు.

దానికి కారణం ఒక పాత ట్రైలర్. ఎవరో విదేశీ ఇంజనీరు దేశం విడిచిపోతూ వదిలేసినది. జీపు వెనక కట్టి లాక్కెళ్ళే ఇల్లు. పడుకోవడానికి బల్ల, వంటకి చిన్న అర, కిటికీలు అన్నీ ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఒక గోదాము వెనక వానలో నాని కుళ్ళిపోయింది. దాన్ని విరగ్గొట్టి సామాను వేరుచెయ్యమని మావని పిలిచారు. ఆయన పొద్దున్న లోపలికి వెళ్ళి మధ్యాహ్నం దాకా బయటికి రాలేదట. కొలతలు తీసుకుంటూ కూర్చున్నాడు. కూలి బదులు దాని ఇరుసూ చక్రాలూ అడిగి తెచ్చుకున్నాడు. తర్వాత రెండేళ్ళు వర్క్‌షాపు పని అయ్యాక రోజూ ఒక గంట కూర్చుని, వాటి మీద టేకుతో కొత్త ఇల్లు కట్టాడు.

అత్తకీ ఆయనకీ గొడవ అయిన రోజు నేను అక్కడే ఉన్నాను. నాకప్పుడు పదిహేడేళ్ళు.

"ఏటీ, మతి పోయిందేటి నీకు? ఉన్న ఇల్లు అమ్మీసి బండిలో పడుంటామా? దేశదిమ్మరులమా మనం?" అంది అత్త.

"నాను కట్టిన బళ్ళన్నీ మాండలే ఎల్లొచ్చినాయి. నాను ఇన్సేన్ దాటలేదు. ఇన్సేన్! ఊరి సివర! నాకు యాభై నాలుగు నిండినాయే."

"అయితే టిక్కెట్టు కొనుక్కుని ఎల్లు. ఇల్లెందుకు అమ్మడం?"

"టిక్కెట్టు కొనుక్కుని ఎల్లినోడు తిరిగొచ్చీయాల. నాకు తిరిగి రాబుద్ధి లేదు."

వాళ్ళకి పిల్లలు లేరు. ఆ ఇంట్లో నాలుగు గదుల్లో మూడు అత్త ఊడవడానికే తెరిచేది. చివరికి, "వంట అర నాను సెప్పినట్టు కట్టాల. కిటికీ నా మొహం ఎత్తున ఉండాల," అంది. అదే ఆమె ఒప్పుకోలు.

ఎనభై ఎనిమిది ఏప్రిల్‌లో, బర్మా కొత్త సంవత్సరపు నీళ్ళ పండుగ వెళ్ళగానే ఇల్లు అమ్మేశారు. కొనుక్కున్నవాళ్ళు తొందరపెట్టడంతో వార్డు ఆఫీసుకి వెళ్ళి ఆ చిరునామా నుంచి తమ పేర్లు తీయించుకున్నారు. ఇక్కడ ప్రతి కుటుంబానికీ ఒక పట్టీ ఉంటుంది. ఏ ఇంట్లో ఎవరెవరు ఉంటారో అందులో రాస్తారు. ఒక ఇంట్లో తీసేస్తే ఇంకో ఇంట్లో ఎక్కాలి. మావని ఏ ఇంట్లో ఎక్కించాలో గుమాస్తాకి తోచలేదు. ట్రైలర్ చూసి, తల గోక్కుని, ఒక కాగితం రాసి ముద్ర వేసి ఇచ్చాడు. "ఇది వాహనం. నివాసం కాదు. కనుక నమోదు అవసరం లేదు." మావ ఆ కాగితాన్ని పెద్ద వరంలా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బండి కదలడానికి ఇంకా ఎన్ని కాగితాలు కావలసివచ్చాయో! వాహనాల ఆఫీసు, టౌన్‌షిప్ ఆఫీసు, మళ్ళీ వార్డు ఆఫీసు. ఒకచోట సంతకం చేసేవాడు సెలవు. ఒకచోట ముద్ర ఉంది, సిరా లేదు. ఇంకోచోట, "ఎందుకు వెళ్తున్నారు?" అని అడిగారు. "సూడ్డానికి," అన్నాడు మావ, బర్మా భాషలోనే. "ఏం చూడ్డానికి?" చూడ్డానికి వెళ్ళేవాడికి ఏం చూస్తాడో ముందే ఎలా తెలుస్తుంది? ఆ పూట పని కాలేదు. మర్నాడు చుట్టాల పెళ్ళి అని రాశాడు. సంతకం పడింది.

వానలు మొదలయ్యాక బయల్దేరాం. సెలవులని నన్నూ తీసుకెళ్ళారు. వర్క్‌షాపు యజమాని ఇచ్చిన పాత జీపు ముందు, ఇల్లు వెనక. పెగూ దాకా వెళ్ళాం. మొత్తం ఒక పూట ప్రయాణం. ఊరి మొదట్లోనే ఆపారు.

"రాత్రికి ఎవరింట్లో ఉంటారు?" అన్నాడు అక్కడి అధికారి. పరాయి ఊళ్ళో రాత్రి ఉండాలంటే ఎవరింట్లో ఉంటున్నామో రాయించుకోవాలి.

"మా ఇంట్లోనే," అన్నాడు మావ.

"మీ ఇల్లెక్కడ?"

"ఇదే."

"ఇది ఏ వార్డులో ఉంది?"

"ఇప్పుడా? మీ వార్డులోనే ఉంది."

అధికారి నవ్వలేదు. మావ గుమాస్తా ఇచ్చిన కాగితం చూపించాడు. అతను చదివి, "ఇది నివాసం కాదని ఇందులోనే ఉంది. నివాసం కాని దాంట్లో రాత్రి ఎలా ఉంటారు? వెనక్కి వెళ్ళండి," అన్నాడు. మావ గంటసేపు బతిమాలాడు. అంత గట్టి మనిషి అలా చేతులు కట్టుకుని నిలబడగా నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. అత్త వంట అర కిటికీలోంచి చూసి, "చాల్లే, ఎక్కు. ఆడి కాళ్ళు పట్టుకోడానికేటి ఇల్లు అమ్మినాం?" అంది. చీకటి పడకముందే రంగూన్ వచ్చేశాం.

వర్క్‌షాపు ఆవరణలో ట్రైలర్ పెట్టారు. కొత్త కాగితాల కోసం తిరుగుతుండగానే ఆగస్టు వచ్చింది. ఒకే పార్టీ పాలన పోవాలని ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చింది. ఆఫీసులు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. పేట పేటకీ కుర్రాళ్ళు వీధి మొదట్లో అడ్డుకట్టలు కట్టి కాపలా కాశారు. బోటాటౌంగ్ కుర్రాళ్ళు వచ్చి ట్రైలర్ అడిగారు, వీధికి అడ్డంగా పెట్టడానికి. అత్త గుమ్మంలో కూర్చుని, "పెట్టండి. నన్ను కూడా కలిపి పెట్టండి," అంది. వాళ్ళు సిగ్గుపడి వెళ్ళిపోయారు.

మర్నాడు మళ్ళీ వచ్చారు. ఈసారి ఒక అమ్మాయిని మోసుకొచ్చారు. విద్యార్థిని. తొడలో తూటా గాయం. ఆసుపత్రి వైపు దారి సైనికులు మూసేశారట. అత్త ఒక్క ప్రశ్న అడగలేదు. తన పక్క మీద పడుకోబెట్టింది. మందుల దుకాణంలో పనిచేసే ఒకాయన వచ్చి కట్టు కట్టాడు. మూడు రోజులు ఆ పిల్ల అక్కడే ఉంది. జ్వరంలో వాళ్ళమ్మని పిలిస్తే అత్త తెలుగులో పలికేది. "ఇక్కడే ఉన్నానమ్మా, తొంగో," అనేది. ఆ పిల్లకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా ఊరుకునేది. నాలుగో రోజు ఎవరో వచ్చి పడవలో నది దాటించారు. ఆమె పేరు మేం అడగలేదు. బతికి ఉందో లేదో ఈనాటికీ తెలియదు.

సెప్టెంబరులో సైన్యం అధికారం తీసుకున్నాక ఇల్లిల్లూ తనిఖీలు మొదలయ్యాయి. ఎవరు చెప్పారో, మావని పిలిచారు. నాలుగు రోజులు ఉంచుకున్నారు. అత్త రోజూ అన్నం కారియర్ పట్టుకెళ్ళి గేటు దగ్గర నిలబడి తిరిగొచ్చేది. అక్కడ ఏం జరిగిందో ఆయన చాలా ఏళ్ళ దాకా చెప్పలేదు. అత్త పోయాక ఒకసారి, మేకులు సాపు చేస్తూ చెప్పాడు.

"'నమోదు సెయ్యకుండా ఇంట్లో పరాయి మనిషిని ఎందుకు ఉంచినావు?' అని అక్కడి అధికారి అడిగినాడు. నాను కాగితం తీసి సూపించినాను. 'అయ్యా, నాకు ఇల్లే లేదు. మీరే రాసిచ్చినారు ఇది ఇల్లు కాదని. ఇల్లు లేనోడు ఇంట్లో మనిషిని ఎలగ ఉంచుతాడు? రోడ్డు మీద బండి. ఎవులో ఎక్కినారు, దిగినారు. ఎవులో నాకేటి తెలుసు?' అన్నాను."

"మరి వాడేమన్నాడు?"

"శానాసేపు కాగితమే సూసినాడు. ముద్ర ఆళ్ళదే కదా! నన్ను ఒగ్గీసినాడు. ఆ పిల్ల ఊసు మళ్ళీ ఎత్తలేదు."

కానీ వదిలేస్తూ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ఇల్లయితే చక్రాలు ఉండకూడదు. బండయితే మనుషులు పడుకోకూడదు. ఏదో ఒకటి తేల్చుకోవాలి. మర్నాడే లారీ వచ్చింది. చక్రాలు విప్పి పట్టుకుపోయారు. ఆయన చేతే విప్పించారు. కింద ఇటుకలు పేర్చారు. అప్పుడు వార్డు ఆఫీసు సంతోషంగా పట్టీ రాసి ఇచ్చింది. ఇద్దరు మనుషులు, ఒక నివాసం.

ఆ ఇటుకల మీద ముప్పై ఏళ్ళకి పైగా ఉన్నాడు మావ. అమ్మేసిన ఇల్లు మళ్ళీ కొనడం ఎలాగూ కుదరదు. అత్త మోకాళ్ళు నొప్పెట్టినా ఆ చిన్న గుమ్మం ఎక్కీ దిగీ అక్కడే ముసలిదైపోయింది. ఆవిడ నోరు మంచిది కాదు. కోపం వస్తే ఇల్లు అమ్మిన సంగతి తీసేది. కానీ చక్రాల సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనే ఒకసారి ఎత్తాను. "ఆ పిల్లని ఉంచుకోకపోతే మీకు చక్రాలు ఉండేవి కదత్తా," అన్నాను. కూర తరుగుతున్న చెయ్యి ఆపి నా వైపు చూసింది. "నువ్వు సదువుకున్నావు గాని బుద్ధి రాలేదే," అంది. అంతే. మళ్ళీ తరుక్కుంది.

నా కోపం ఆ అధికారి మీద మాత్రమే అయితే ఈపాటికి చల్లారేది. తర్వాత మధ్యలో కొన్నేళ్ళు దేశం తెరుచుకుంది. రోడ్లు పడ్డాయి, కాగితాలు తగ్గాయి. అత్త అప్పటికే పోయింది. మావ ఎనభైలో పడ్డాడు. ఒకరోజు నన్ను పిలిచి, "ఇరుసు బాగానే ఉందే. సక్రాలు ఏయిద్దామేటి?" అన్నాడు. చూద్దాం మావా అన్నాను. పిల్లల పరీక్షలయ్యాక అన్నాను. వానలు వెలిశాక అన్నాను. ఆ ఆఫీసులన్నీ ఆయనకి చెప్పిన మాటే నేనూ చెప్పాను, కాకపోతే కాస్త ప్రేమగా. ఆయన మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత కరోనా జబ్బు వచ్చి ఊరు మూతపడింది, ఆ వెంటే మళ్ళీ సైన్యం, తుపాకులు వచ్చాయి. దారి పొడుగునా మళ్ళీ తనిఖీలు. రాత్రి ఎవరింట్లో ఎవరున్నారో మళ్ళీ రాయించుకోవాలి.

ఆయనకి నా మీద కోపం ఉందేమో నాకు తెలియదు. ఉంటే బాగుండేది.

ఆసుపత్రిలో చేరడానికి ముందు, వానాకాలం మొదట్లో, నన్ను బస్సు ఎక్కించమన్నాడు. ఎక్కడికి అంటే, "ఎంత దూరం ఎల్తే అంత దూరం," అన్నాడు. ఊరి బయట ఉన్న తౌక్చాన్ దాకా సిటీ బస్సు ఉంది. ఎక్కాం. ఇప్పటి బస్సులు ఇనుమూ ప్లాస్టిక్కూ. ఆయన దేన్నీ తట్టి చూడలేదు, కిటికీ పక్కన కూర్చుని బయటికే చూశాడు. ఇన్సేన్ దాటాక నా చెయ్యి పట్టుకున్నాడు.

చివరి స్టాపులో దిగాం. సన్నగా వాన పడుతోంది. నేను గొడుగు పట్టాను. కిళ్ళీ బల్ల దగ్గర ఒకావిడ కూర్చుని ఉంది. మావ ఆమెని, ఈ రోడ్డు ఎటు పోతుందమ్మా అని అడిగాడు.

"హ్లేగూకి పోతుంది, అఫో."

"తర్వాత?"

"పెగూ."

"తర్వాత?"

"తౌంగూ. ఆ తర్వాత ప్యిన్మనా."

ఒక్కొక్క ఊరి పేరుకీ, తెలిసిన మనిషి పేరు విన్నట్టు తల ఊపుతున్నాడు.

"తర్వాత?"

ఆమె తమలపాకు మీద సున్నం రాస్తున్న వేలు ఆపి, రోడ్డు వైపు తిరిగి చూసింది. తర్వాత సిగ్గుపడుతూ నవ్వింది. "నేనెప్పుడూ వెళ్ళలేదు, అఫో," అంది.

మావ కూడా నవ్వాడు. మా వెనక బస్సు తిరుగు ప్రయాణానికి మళ్ళుతోంది, కండక్టర్ పిలుస్తున్నాడు. మావ కదల్లేదు. గొడుగు దాటి ఒక అడుగు ముందుకు వేసి, ఎదురుగా వానలో తెల్లగా వెళ్ళిపోతున్న రోడ్డుని చూస్తూ నిలబడ్డాడు.