పెళ్లికార్డు వరసలో పుస్తకాల జాబితా

కల్లూరులో షేర్ ఆటోలు ఆగే చోట వసంతకుమార్ పెళ్లికార్డుల దుకాణం పెట్టి ఇరవై రెండేళ్లు. ఒకసారి కార్డులో తన పేరు మూడో వరసలోకి జారిందని ఒక మేనమామ పందిట్లోంచే లేచిపోయాడు. అప్పటినుంచి పేర్ల వరస అంటే వసంతకుమార్‌కు భయమూ భక్తీ.

నలభై ఆరో ఏట ఎం.ఏ. చరిత్రలో చేరి, పాత దిగుడుబావుల మీద ప్రాజెక్టు రాశాడు. శుక్రవారం ఐదులోగా గైడు శివాని మేడం సంతకం పడకపోతే సోమవారం వైవా లేదు. ఇంకో ఏడాది ఆగాల్సిందే.

ఆ శుక్రవారం మూడు గంటలకు మేడం చివరి పేజీలు తిప్పి, కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"అన్నా, ఇదేంది? చదివిన పుస్తకాల జాబితా అడిగితే శుభలేఖ తెచ్చినావే!"

ఆయనకు తప్పేమీ కనబడలేదు. అందరికంటే పైన మేడం వ్యాసం, పేరు పక్కన గారు. కింద పెద్ద ప్రొఫెసర్లు, వయసు ప్రకారం, వాళ్లకూ గార్లే. పోయినవాళ్లకు ముందు కీ.శే.

మేడం ఒక కీ.శే. మీద వేలు పెట్టింది. "ఈయన బతికే ఉండాడు గదన్నా! మొన్న సెమినార్లో గంటసేపు మాట్లాడినాడు."

"పుస్తకం శానా పాతది మేడం. ఉండరేమో అనుకుంటి."

"జాబితా రాసేదానికి ఏపీఏ, ఎంఎల్‌ఏ అని రెండు పద్ధతులు చూపించి, ఒకటే పట్టుకోమంటి గదా?"

"రెండూ బాగుండాయి మేడం. దాంట్లోనుంచి పేరు పక్కన సంవత్సరం, దీంట్లోనుంచి పూర్తి పేరు తీసుకుంటి. మా గిరాకీలు గూడా అంతే. ఈ కార్డు అంచు, ఆ కార్డు అక్షరాలు అంటారు."

మేడం నవ్వు ఆపుకోలేకపోయింది. "ఒకటే పద్ధతన్నా. ఇంటిపేరు ముందు, అక్షరక్రమం. గార్లు, కీ.శే.లు ఏమీ వద్దు."

ఏపీఏ ఖాయం చేశాడు. పేరు పక్కనే సంవత్సరం ఉంటే పెద్దరికం కొంతైనా తెలుస్తుందని. కంప్యూటర్ ల్యాబులో కూర్చుని ఒక్కొక్క గారూ తీస్తుంటే, పెద్దమనిషి భుజం మీది కండువా లాగుతున్నట్టే ఉంది. మేడం ఇంటిపేరు సోమిశెట్టి. ఆ పేరు దొర్లుకుంటూ పోయి అడుగున పడింది.

నాలుగూ నలభైకి కాగితాలు ముందు పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"మీ పేరు కడాన పడిండాది మేడం. మనసులో పెట్టుకోవద్దండి."

"పైన పెట్టింటే సంతకం చేసేదాన్ని కాదు. గార్లు అంత ముద్దయితే కృతజ్ఞతల పేజీలో పెట్టుకోన్నా. ఆడ ఎవురూ అడగరు."

సంతకం పడింది.

సోమవారం బైండు చేయించి వైవాకు తెచ్చాడు. జాబితాలోంచి పీకిన ముప్పై ఒక్క గార్లూ కృతజ్ఞతల పేజీలో కొలువుదీరి ఉన్నాయి. అన్నిటికంటే పైన, పెళ్లికార్డు బంగారు రంగులో, మేడం పేరు.